నల్గొండ లోక్‌సభ సీటు: ఎర్రజెండా ఎప్పుడు గెలిచింది, ఎందుకు ఆగిపోయింది

"నల్గొండను కమ్యూనిస్టుల కంచుకోట అంటారు. 2024లో మాత్రం కాంగ్రెస్ అక్కడ ఐదున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచింది. ఇంత మార్పు ఎప్పుడు వచ్చింది? 1996లో వందల మంది పోటీ చేశారన్నది నిజమేనా?" ఇదీ ప్రశ్న. తెలంగాణ ఎన్నికల లెక్కలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. వాటిలో నాకు అత్యంత ఇష్టమైన సీటు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు మొత్తం లెక్క చూద్దాం. 1952 నుంచి 2024 దాకా 18 సాధారణ ఎన్నికలు జరిగాయి. మొదటి రెండు ఎన్నికల్లో ఇది ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే సీటు నుంచి ఒక జనరల్, ఒక రిజర్వుడు చొప్పున ఇద్దరు ఎంపీలు. అక్కడ జనరల్ స్థానాన్నే లెక్కలోకి తీసుకుంటే కాంగ్రెస్ 8 సార్లు, కమ్యూనిస్టులు 7 సార్లు, తెలుగుదేశం రెండుసార్లు, తెలంగాణ ప్రజాసమితి ఒకసారి గెలిచాయి. టీఆర్ఎస్, అంటే ఇప్పటి బీఆర్ఎస్, ఒక్కసారి కూడా గెలవలేదు. బీజేపీ కూడా గెలవలేదు. కాబట్టి "ఒకప్పుడు పూర్తిగా ఎరుపు, ఇప్పుడు పూర్తిగా కాంగ్రెస్" అనే మాట ఈ లెక్కకు సరిపోదు. ఎర్రజెండా గెలిచిన ఏడుసార్లను కూడా ఒకే గాటన కట్టకూడదు. మొదటి మూడు విజయాలు ఉద్యమం ఇచ్చినవి. తర్వాతి నాలుగు పొత్తు ఇచ్చినవి. ఈ తేడా పట్టుకుంటే మిగతా చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

1952 సంగతి చూడండి. నిజాం పాలన, దొరల పెత్తనం మీద మొదలైన తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్టు కమ్యూనిస్టు పార్టీ ప్రకటించింది 1951 అక్టోబర్‌లో. కొద్ది నెలలకే దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై ఇంకా నిషేధం ఉండటంతో అభ్యర్థులు ప్రజాస్వామ్య ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్గొండ నుంచి పోటీ చేసిన రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికల్లో జవహర్‌లాల్ నెహ్రూకి వచ్చినవి 2.33 లక్షలు. "ద్విసభ్య సీటు కదా, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండేవి, అందుకే అన్ని వచ్చాయి" అని కొందరు ఈ విజయాన్ని తగ్గించి చెబుతారు. అది సరికాదు. నెహ్రూ పోటీ చేసిన అలహాబాద్ తూర్పు సీటు కూడా ద్విసభ్య సీటే. అందువల్ల పోలిక న్యాయమైనదే. నల్గొండలో రెండో స్థానం, అంటే షెడ్యూల్డ్ కులాల రిజర్వుడు స్థానం కూడా పీడీఎఫ్ అభ్యర్థి సుంకం అచ్చాలుకే దక్కింది.

ఆ ఓట్లు ఒక్క ఎన్నికల ప్రచారంతో రాలేదు. నిజాం కాలంలో తెలుగువాళ్ల ప్రజా సంస్థగా ఉన్న ఆంధ్ర మహాసభ నాటి నుంచి ఊరూరా కట్టిన సంఘాలే వాటికి పునాది. 1944 భువనగిరి సభకు అధ్యక్షత వహించింది రావి నారాయణరెడ్డే. 1946 జులై 4న కడవెండిలో సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయినప్పుడు ఆ ఊరు నల్గొండ జిల్లాలోనే ఉండేది. వెట్టి, బేదఖళ్లు (భూముల నుంచి గెంటివేతలు), దొరల గడీలు, రజాకార్ల దాడులు, తర్వాత సైన్యం వచ్చాక జరిగిన అరెస్టులు... ఇవన్నీ చూసిన మనుషులు తొలిసారి ఓటు వేశారు. తమ కోసం జైలుకెళ్లిన వాళ్లకే వేశారు. ఆ ఎన్నికల్లో పీడీఎఫ్ మొత్తం ఏడు లోక్‌సభ సీట్లు గెలిచింది.

1957లో దేవులపల్లి వెంకటేశ్వరరావు గెలిచారు. ఆయనా ఆ పోరాట నాయకుడే. తర్వాత కాలంలో నక్సలైటు ఉద్యమంలో ముఖ్య సిద్ధాంతకర్తల్లో ఒకరయ్యారు. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. 1962 నుంచి నల్గొండ నుంచి ఒక్కరే సభ్యుడు. అదే ఎన్నికతో మిర్యాలగూడ పేరుతో జిల్లాకు రెండో లోక్‌సభ సీటు వచ్చింది. ఆ ఏడాది నల్గొండలో మళ్లీ రావి నారాయణరెడ్డి, సీపీఐ తరఫున గెలిచారు. మిర్యాలగూడ కూడా సీపీఐకే వచ్చింది. జిల్లాలోని రెండు లోక్‌సభ సీట్లూ ఎర్రజెండాకే వచ్చిన ఎన్నిక అది. అలాంటిది మళ్లీ 1991లోనే వచ్చింది, అప్పుడు మిర్యాలగూడను సీపీఎం గెలిచింది.

1964లో పార్టీ సీపీఐ, సీపీఎంలుగా చీలింది. ఆ తర్వాత వచ్చిన తొలి ఎన్నిక 1967లో నల్గొండలో కాంగ్రెస్ అభ్యర్థి మహమ్మద్ యూనస్ సలీం గెలిచారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన నాయకుడు ఆయన. కేంద్రంలో న్యాయశాఖ ఉపమంత్రిగా, తర్వాత బీహార్ గవర్నర్‌గా పనిచేశారు. బయటి నుంచి వచ్చిన నాయకుడు పోరాటాల గడ్డ మీద గెలిచాడంటే, చీలిక వల్ల ఎంత నష్టం జరిగిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదని నా అభిప్రాయం. అక్కడి నుంచి 1991 దాకా, అంటే ఇరవై నాలుగేళ్ల పాటు, నల్గొండ లోక్‌సభ సీటులో కమ్యూనిస్టు గెలుపు లేదు. కంచుకోట అనే మాట వాడేవాళ్లు ఈ ఇరవై నాలుగేళ్లను లెక్కలోకి తీసుకోరు.

ఆ ఇరవై నాలుగేళ్లలో గాలి ఎటు వీస్తే నల్గొండ అటు మొగ్గింది. 1969 తెలంగాణ ఉద్యమం తర్వాత 1971లో ప్రజాసమితి ఈ ప్రాంతంలోని 14 సీట్లలో 10 గెలిచింది. వాటిలో నల్గొండ ఒకటి. గెలిచింది కంచర్ల రామకృష్ణారెడ్డి. పక్కనే మిర్యాలగూడలో మాత్రం అదే ఎన్నికలో సీపీఎం నాయకుడు భీమిరెడ్డి నర్సింహారెడ్డి గెలిచారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ 42కి 41 గెలిచినప్పుడు ఇక్కడ అబ్దుల్ లతీఫ్, 1980లో ఇందిరా కాంగ్రెస్ గాలిలో టి. దామోదర్ రెడ్డి, 1984లో తెలుగుదేశం ప్రభంజనంలో ఎం. రఘుమారెడ్డి, 1989లో మళ్లీ కాంగ్రెస్ నుంచి చకిలం శ్రీనివాసరావు. వరుసగా ఎవరూ రెండోసారి గెలవలేదు. 1962 నుంచి 1991 దాకా ఎనిమిది ఎన్నికలు, ఎనిమిది మంది వేర్వేరు ఎంపీలు.

1991లో ఎర్రజెండా మళ్లీ గెలిచింది. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేటలో పుట్టి, విద్యార్థి హాస్టల్ నడిపి, జైళ్లు చూసి, గీత కార్మికుల సంఘాన్ని కట్టిన మనిషి. శాసనసభకు సూర్యాపేట, నకిరేకల్, నల్గొండ అనే మూడు వేర్వేరు నియోజకవర్గాల నుంచి గెలిచారు. జిల్లాలో ఆయనకున్న గౌరవం పార్టీకి మించినది. అయినా 1991 గెలుపు ఆ గౌరవంతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. తెలుగుదేశం, వామపక్షాలు అప్పుడు ఒకే కూటమి. తెలుగుదేశం ఈ సీటును సీపీఐకి వదిలింది. 1996లో ధర్మభిక్షం, 1998లో సురవరం సుధాకర్‌రెడ్డి గెలిచినప్పుడూ అదే పొత్తు. 1999లో తెలుగుదేశం బీజేపీతో కలిసింది, వామపక్షాలు వేరుపడ్డాయి. వెంటనే సీటు తెలుగుదేశం అభ్యర్థి గుత్తా సుఖేందర్‌రెడ్డికి వెళ్లింది. 2004లో సీపీఐ ఈసారి కాంగ్రెస్, టీఆర్ఎస్‌లతో కలిసింది. సురవరం మళ్లీ గెలిచారు. పెద్ద పార్టీ పక్కన ఉంటే గెలుపు, లేకపోతే ఓటమి. నాలుగు విజయాల్లో ఒక్కటి కూడా దీనికి మినహాయింపు కాదు.

దీన్ని బట్టి కమ్యూనిస్టుల బలం అబద్ధమని నేను అనడం లేదు. పొత్తులో ఏ పార్టీ ఊరికే సీటు వదలదు. ఊళ్లలో స్థిరమైన ఓటు, సంఘాల కార్యకర్తలు, ప్రతి పోలింగ్ కేంద్రంలో కూర్చోగల మనుషులు ఉన్నారు కాబట్టే తెలుగుదేశమైనా కాంగ్రెస్ అయినా వాళ్లకు సీటు ఇచ్చింది. ఆ ఓటు గెలుపుకు దగ్గరగా తీసుకెళ్లేది, గట్టు దాటించడానికి మాత్రం ఇంకొకరు కావాల్సి వచ్చేది.

ఇక 1996. అవును, నిజమే. నల్గొండలో ఆ ఏడాది బరిలో నిలిచింది 480 మంది. దేశ లోక్‌సభ ఎన్నికల్లో ఒకే సీటుకు ఇంతమంది పోటీ చేసిన సందర్భం అంతకుముందు లేదు, తర్వాత కూడా రాలేదు. దీన్ని చాలామంది వింతగా చెబుతారు. ఆ నామినేషన్ల వెనక ఉన్నది నీళ్ల గోస. నల్గొండ జిల్లా మెట్ట ప్రాంతాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావన్నది ప్రమాణం. ఇక్కడ ఎన్నో ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్లు గారపట్టడంతో మొదలై ఎముకలు వంగిపోయేవి. నడి వయసుకే నడుము వంగినవాళ్లు, చిన్నప్పుడే కాళ్లు వంకర పోయిన పిల్లలు ఊరూరా ఉండేవారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. జిల్లా పేరు ప్రపంచమంతా పుస్తకాల్లోకి ఎక్కింది కానీ జిల్లాకు మంచినీళ్లు రాలేదు.

ఇంకో బాధ ఏమిటంటే, నాగార్జునసాగర్ డ్యామ్ ఈ జిల్లాలోనే ఉంది. 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతం వరి పొలాలతో, రైస్ మిల్లులతో కళకళలాడింది. కాలువకు ఎగువన ఉన్న నల్గొండ, మునుగోడు, దేవరకొండ మెట్టలకు మాత్రం అందలేదు. అక్కడి జనం బోర్లలో విషం తాగుతూ బతికారు. కృష్ణా నీళ్లు ఇవ్వండి, శ్రీశైలం ఎడమగట్టు కాలువ కట్టండి అని ఏళ్ల తరబడి అడిగారు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి పోరాడింది. ధర్నాలు, యాత్రలు చేసినా ఢిల్లీకి వినిపించకపోవడంతో వందల మందితో నామినేషన్లు వేయించింది. వేసినవాళ్లలో ఫ్లోరోసిస్ బాధితులు, రైతులు, మామూలు ఊరి జనం ఉన్నారు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలే, ఎస్సీ, ఎస్టీలకు 250. అందుకే అది సాధ్యమైంది.

అధికారులకు నిజంగానే టెన్షన్ పుట్టింది. 480 పేర్లు, 480 గుర్తులు మామూలు బ్యాలెట్ కాగితంపై పట్టవు. అన్ని గుర్తులు వెతకడమే పెద్ద పని. ఎన్నికల సంఘం ఇక్కడ పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. కర్ణాటకలోని బెల్గాంలో అదే ఏడాది 456 మంది, తమిళనాడులోని మొదకురిచి అసెంబ్లీ సీటులో 1,033 మంది నిలబడ్డారు. అక్కడా బ్యాలెట్ సమస్య ఇదే. చివరికి నల్గొండలో ధర్మభిక్షమే గెలిచారు. ప్రధాన పార్టీల అభ్యర్థులు తప్ప మిగతావాళ్ల డిపాజిట్లన్నీ పోయాయి. డిపాజిట్ పోతుందని వాళ్లకు ముందే తెలుసు. గెలవడం వాళ్ల లక్ష్యం కాదు, దేశం ఒక్కసారి నల్గొండ వైపు తలతిప్పి చూడటం లక్ష్యం. అది నెరవేరింది.

సిట్టింగ్ ఎంపీ మీద కోపంతో వేసిన నామినేషన్లయితే ఆయన ఓడిపోయేవారు కదా అని కొందరు అడుగుతారు. ఆ కోపం ఒక మనిషి మీద కాదు, అన్ని ప్రభుత్వాల మీద. 2019లో నిజామాబాద్‌తో పోల్చి చూడండి. అక్కడ 185 మంది పోటీ చేశారు, వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. ఆ కోపం సిట్టింగ్ ఎంపీ కవితకు నేరుగా తగిలింది, ఆమె ఓడిపోయారు. రెండు చోట్లా ఆయుధం ఒకటే, గురి వేరు.

నల్గొండ నామినేషన్లకు ప్రభుత్వం ఇచ్చిన తక్షణ సమాధానం నీళ్లు కాదు, చట్టం. 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకు 250 నుంచి 5,000కు పెంచారు. గుర్తింపు లేని పార్టీల వాళ్లు, స్వతంత్రులు పదిమంది ఓటర్లతో ప్రతిపాదన సంతకాలు పెట్టించాలన్నారు. ఒక మనిషి రెండు సీట్లకు మించి పోటీ చేయకూడదన్నారు. ఫలితం వెంటనే కనిపించింది. 1996లో దేశమంతా కలిపి 13,952 మంది లోక్‌సభకు పోటీ చేస్తే, 1998లో 4,750 మందే మిగిలారు. ఇప్పుడు డిపాజిట్ 25,000. కాగితాన్ని అడ్డగోలుగా నింపే నామినేషన్లను ఆపడం అవసరమే, ఒప్పుకుంటాను. కానీ పేదవాడు తన గోడు చెప్పుకోవడానికి వాడుకున్న ఒక దారి ఆ సవరణతో మూసుకుపోయిందని కూడా చెప్పాలి. ఇప్పటి ఎం3 రకం ఈవీఎంకు 24 బ్యాలెట్ యూనిట్ల దాకా కలపొచ్చు, నోటాతో కలిపి 384 పేర్లు పడతాయి. అంటే మళ్లీ 480 మంది నిలబడితే ఈ రోజుకీ బ్యాలెట్ కాగితమే దిక్కు.

ఇక ఆ నీళ్ల సంగతి. సాగర్ వెనక జలాల నుంచి ఎత్తిపోసే ఏఎంఆర్ (అలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు వల్ల నల్గొండ వైపు కృష్ణా నీళ్లు వచ్చాయి, తాగునీటి పథకాలు వచ్చాయి, కొత్తగా ఫ్లోరోసిస్ బారిన పడటం బాగా తగ్గింది. శ్రీశైలం నుంచి నేరుగా నీళ్లు తెచ్చే దాదాపు 44 కిలోమీటర్ల ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం మాత్రం పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. 1996లో నామినేషన్ వేసినవాళ్ల ప్రధాన డిమాండు ఆ నీళ్లే.

ఇప్పుడు కాంగ్రెస్ మెజారిటీ ఎలా ఇంత పెరిగిందో చూద్దాం. 2008లో జరిగిన నియోజకవర్గాల పునర్విభజనను పక్కన పెడితే ఇది అర్థం కాదు. 2009 ఎన్నికల నాటికి మిర్యాలగూడ లోక్‌సభ సీటు పోయింది, భువనగిరి కొత్తగా వచ్చింది. కమ్యూనిస్టులకు పాత పట్టున్న మునుగోడు, నకిరేకల్ ఇప్పుడు భువనగిరిలో ఉన్నాయి. నల్గొండ సీటులో దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్గొండ సెగ్మెంట్లు మిగిలాయి. పేరు పాతదే, మ్యాపు కొత్తది. సాగర్ ఆయకట్టు బరువు పెరిగింది. జానారెడ్డి, ఉత్తమ్‌కుమార్ రెడ్డి, కోమటిరెడ్డి వెంకటరెడ్డి వంటి బలమైన కాంగ్రెస్ నాయకుల సొంత నియోజకవర్గాలు మూడూ ఈ ఒక్క సీటులోకే వచ్చాయి. ఎర్ర ఓటు రెండు సీట్లకు చీలి, కాంగ్రెస్ నాయకత్వం ఒక సీటులో పోగైంది.

2009లో సీపీఐ తెలుగుదేశం, టీఆర్ఎస్‌లతో మహాకూటమిలో ఉంది. పాత సూత్రం ప్రకారం గెలవాలి. అయినా సురవరం కాంగ్రెస్ తరఫున దిగిన గుత్తా చేతిలో లక్షకు పైగా తేడాతో ఓడిపోయారు. పొత్తు ఉన్నా గెలవలేని పరిస్థితి మొదటిసారి అప్పుడే వచ్చింది. సురవరం తర్వాత సీపీఐ ప్రధాన కార్యదర్శి అయ్యారు, 2025 ఆగస్టులో కన్నుమూశారు. ఈ సీటు నుంచి గెలిచిన చివరి కమ్యూనిస్టు ఆయనే.

2014లో తెలంగాణ వచ్చిన ఊపులో టీఆర్ఎస్ 17కి 11 సీట్లు గెలిచింది. కాంగ్రెస్‌కు మిగిలినవి రెండే, నాగర్‌కర్నూల్, నల్గొండ. గుత్తా మళ్లీ గెలిచి, ఈ సీటులో మూడు విజయాలున్న ఏకైక నాయకుడయ్యారు. 2016లో ఆయన టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. దేవరకొండ సీపీఐ ఎమ్మెల్యే రవీంద్రకుమార్ కూడా అదే సమయంలో వెళ్లారు. అవిభక్త నల్గొండ జిల్లాలో ఆ తర్వాత కమ్యూనిస్టు ఎమ్మెల్యే ఎవరూ గెలవలేదు. ఎంపీని లాక్కున్నా టీఆర్ఎస్‌కు సీటు రాలేదు. 2019లో ఉత్తమ్‌కుమార్ రెడ్డి 25,682 ఓట్లతో గట్టెక్కారు.

2019లో పాతిక వేలు, 2024లో 5,59,905. ఐదేళ్లలో ఇంత తేడా ఎందుకంటే, 2023 అసెంబ్లీ ఎన్నికల్లో అవిభక్త జిల్లాలోని 12 సీట్లలో 11 కాంగ్రెస్ గెలిచింది, ఒక్క సూర్యాపేట తప్ప. రాష్ట్రంలో అధికారం వచ్చింది. బీఆర్ఎస్ ఓటు కరిగిపోయింది, దానిలో కొంత బీజేపీకి వెళ్లింది. హుజూర్‌నగర్‌లో ఒకప్పుడు టీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉన్న శానంపూడి సైదిరెడ్డే బీజేపీ అభ్యర్థి అయ్యారు. జానారెడ్డి కుమారుడు కుందూరు రఘువీర్ రెడ్డికి 7,84,337 ఓట్లు వచ్చాయి. బీజేపీకి, బీఆర్ఎస్‌కు చెరో రెండు లక్షల పైచిలుకు. ఆ రెండూ కలిపినా కాంగ్రెస్‌ను అందుకోలేవు. సీపీఐ కాంగ్రెస్‌తోనే ఉంది. సీపీఎం పక్కనున్న భువనగిరిలో విడిగా పోటీ చేసింది, అక్కడా కాంగ్రెస్సే గెలిచింది. కాబట్టి ఐదున్నర లక్షల్లో పాత ఎర్ర ఓటు కూడా ఉంది, వేరుగా కనిపించదంతే.

ఈ చరిత్రలో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. ఆరుట్ల కమలాదేవి లాంటి వాళ్లు తుపాకీ పట్టిన జిల్లా ఇది. సాయుధ పోరాటంలో ఆడవాళ్లు దళాల్లో చేరారు, దళాలకు అన్నం పెట్టారు. అలాంటి నల్గొండ నుంచి పద్దెనిమిది ఎన్నికల్లో ఒక్క మహిళ కూడా లోక్‌సభకు వెళ్లలేదు. దీనికి ఎర్రజెండా పార్టీలతో సహా అన్ని పార్టీలూ జవాబు చెప్పాలి.

కమ్యూనిస్టులు ఇక్కడ మళ్లీ గెలుస్తారా అంటే, ఇప్పటి మ్యాపుతో సొంత గుర్తు మీద లోక్‌సభ సీటు గెలవడం కష్టమని నా అంచనా. పోటీ బిగిసినప్పుడు మాత్రం వాళ్ల ఓటే తేలుస్తుంది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో వామపక్షాలు టీఆర్ఎస్‌కు మద్దతిచ్చాయి. టీఆర్ఎస్ గెలిచింది 10,309 ఓట్ల తేడాతో. ఆ నియోజకవర్గంలో కమ్యూనిస్టుల సొంత ఓటు అంతకంటే ఎక్కువే ఉంటుందని అక్కడి ఏ పార్టీ కార్యకర్తను అడిగినా చెబుతాడు.